గ్యాస్‌కు ఎక్స్‌రే

పీహెచ్‌డీలో చేరిన ఏడాది, ఒక సాయంత్రం విత్తనానికని చెనిక్కాయలు ఒలుస్తూ నాయన అడిగాడు.

"ఇంతకూ నువ్వు చదువుతాండేది ఏం పాపా? నలుగురూ అడుగుతాండారు. చెప్పల్ల గదా."

నేనూ చాట ముందు కూర్చుని రెండు కాయలు ఒలిచి చెప్పాను. "చానా దూరంలో మసగ్గా కనపడే గెలాక్సీలు ఉండాయి నాయనా. ఒక్కోదాంట్లో కోట్ల నక్షత్రాలు. గుడ్డు మాదిరి ఉంటాయి. వాటిలో వేడి గ్యాస్ ఉండాదా లేదా, ఉంటే ఎంతుండాది, ఎక్స్‌రేలు చూసి చెప్పల్ల. అదే నా పని."

నాయన ఇంకో గుప్పెడు కాయలు ఒలిచాడు. "గ్యాస్‌కు ఎక్స్‌రే," అన్నాడు.

అందులో తప్పేమీ లేదు కాబట్టి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

మా ఊరు కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో అరగంట. వారంలో నాలుగు రోజులు కళ్యాణదుర్గంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. మిగతా రెండు రోజులు బస్సులో అనంతపురం పోయి యూనివర్సిటీలో పరిశోధన చేసేదాన్ని. ఆదివారం ఇంట్లో ఉండేదాన్ని. ఆ ఆదివారాలకే వచ్చింది చిక్కు.

నాయన టీ హోటల్లో నా చదువు గురించి చెప్పాడు. విన్నవాళ్లు తమకు అర్థమైనట్టు విన్నారు. మా దిక్కున గ్యాస్ అంటే రెండే. ఒకటి సిలిండర్లో ఉండేది, రెండోది కడుపులో ఉండేది. సిలిండర్‌కు ఎవరూ ఎక్స్‌రే తీయరు. పైగా చదువు అయిపోతే పేరు ముందు డాక్టర్ అని వస్తుందని కూడా నాయనే చెప్పాడట.

మొదట వచ్చింది నాకు చిన్నాయన వరస అయ్యే ఒక రైతు. ప్లాస్టిక్ సంచిలోంచి ఎక్స్‌రే ఫిల్ము తీసి నా ఒళ్లో పెట్టాడు.

"నేను చదివేది ఈ ఎక్స్‌రే కాదు చిన్నాయనా. ఆకాశంలోది."

"యాడిదైతేనేమి, ఎక్స్‌రే ఎక్స్‌రేనే గదా. ఊరికే చూడు."

"ఇది మోకాలు. ఇందులో గ్యాస్ కూడా లేదు."

"గ్యాస్ యాడికి పోతాదో ఎవరికి తెలుసప్పా. కీళ్లలోకి కూడా దిగుతాదంట."

లోపల్నుంచి అమ్మ అంది. "ఇంటిదాకా వచ్చినాడు. చూస్తే ఏం పోతాది నీది?"

ఫిల్మును వాకిలి వెలుతురుకు పట్టుకుని చూశాను. తెల్లగా ఎముక కనిపించింది. "ఎముక ఉండాది," అన్నాను. "డాక్టరుకు చూపించు." ఆయన తృప్తిగా వెళ్లిపోయాడు. ఎముక ఉందని పాప చెప్పిందని ఊళ్లో చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆదివారాలు నిండిపోయాయి. మోకాళ్లు, నడుములు, ఛాతీలు, ఒకసారి ఒక ఎద్దు కాలు. అందరికీ మూడు వాక్యాలు చెప్పేదాన్ని. నేను డాక్టరును కాదు. నాకు ఇది తెలియదు. డాక్టరుకు చూపించండి. వాళ్లు మూడూ ఓపిగ్గా విని ఫిల్ము చేతికిచ్చేవాళ్లు. నేను ఒకసారి వెలుతురుకు పట్టుకుంటే చాలు, అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. ఒకామె మాత్రం అదే ఫిల్ముతో రెండోసారి వచ్చింది. "మొన్న మబ్బుండె గదమ్మా, నీకు సరిగ్గా కనపడి ఉండదు," అంది. మా జిల్లాలో మబ్బు పట్టిన ఆ ఒక్క రోజూ ఆమె వంతుకు వచ్చింది.

యూనివర్సిటీలో నా పని ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండేది కాదు. ఎక్స్‌రేలు చూసే ఒక ఉపగ్రహం ఎప్పుడో ఆకాశంలో ఒక మూలను గంటల తరబడి చూసింది. అది చూసినదంతా ఎవరైనా తీసుకోవడానికి పెట్టి ఉంచారు. ఉపగ్రహం గురి పెట్టింది వేరే పెద్ద గెలాక్సీకి. నా గెలాక్సీ ఆ బొమ్మలో ఒక మూలకు పడింది. పెళ్లి ఫోటోలో వెనక నిలబడ్డ బంధువు లాగా. మూలకు పోయేకొద్దీ ఆ టెలిస్కోపు చూపు మసకబారుతుంది. చుక్క చుక్కలా కాక, నీళ్లలో పడ్డ సిరాలా కనిపిస్తుంది. మంచి బొమ్మలన్నీ మంచి యూనివర్సిటీల వాళ్లు ఎప్పుడో తీసుకున్నారు. మాకు మూలలు మిగిలాయి.

అన్ని గంటలు చూసినా నా గెలాక్సీ నుంచి వచ్చిన ఎక్స్‌రే కణాలు వందకు తక్కువ. ఒక్కోదానికీ పేరు పెట్టి పిలవొచ్చు. ప్రతి కణం ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది, ఎంత శక్తితో పడింది అని మూడు విషయాలు కంప్యూటర్లో ఉంటాయి. వాటిని పట్టుకుని కథంతా చెప్పాలి.

కథ ఇది. గుడ్డు ఆకారపు పెద్ద గెలాక్సీల నిండా కోటి డిగ్రీల దాకా వేడెక్కిన గ్యాస్ ఉంటుంది. ముసలి నక్షత్రాలు వదిలిన గ్యాసే అది. గెలాక్సీ బరువైనది కాబట్టి తన ఆకర్షణతో దాన్ని పోనివ్వదు. అంత వేడి గ్యాస్ ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. మసక గెలాక్సీలకు అంత బరువు ఉండదు. నక్షత్రాలు పేలినప్పుడల్లా గ్యాస్ కాస్త కాస్త బయటికి పోతుంది. వాటి నుంచి వచ్చే ఎక్స్‌రేలు ఎక్కువగా జంట నక్షత్రాలవి. జంటలో ఒకటి చచ్చిన నక్షత్రం. రెండోదాని ఒంటి మీది పదార్థాన్ని గుంజుకుంటూ ఉంటుంది. గ్యాస్ ఎక్స్‌రేల శక్తి తక్కువ, జంటల ఎక్స్‌రేల శక్తి ఎక్కువ. అలా వేరు చేయాలి.

నేను వేరు చేశాను. తక్కువ శక్తి కణాలు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ వచ్చాయి. అంటే అంత మసక గెలాక్సీ కూడా తన గ్యాస్‌ను పోనివ్వకుండా పట్టుకుని కూర్చుంది. లెక్క మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఉంది. ఆ రోజు తిరుగు బస్సులో సీటు దొరకలేదు. కళ్యాణదుర్గం దాకా నిలబడే వచ్చాను, కాళ్లు నొప్పి పుట్టలేదు.

మా గైడు సారుది కోస్తా వైపు. ఆయన తెరను చాలాసేపు చూసి, "బాగుందమ్మా," అన్నారు. "కానీ దారిలో మన గెలాక్సీ నక్షత్రం ఏదైనా అడ్డం వచ్చిందేమో చూశావా?"

"చూస్తాను సార్."

చూడలేదు. అది ఇరవై నిమిషాల పని. నక్షత్రాల జాబితా తెరిచి, ఆ చోట ఏదైనా ఉందా అని వెతకడం, అంతే. రెండు నెలలు వెతకలేదు. అడిగినప్పుడల్లా క్లాసులున్నాయి సార్ అన్నాను, పేపర్లు దిద్దాలి సార్ అన్నాను. ఎందుకు వెతకలేదో నాకు తెలుసు. ఈలోగా బెంగళూరులో జరిగే ఒక సదస్సుకు నా ప్రసంగం శీర్షిక పంపేశాను. మసక గెలాక్సీలో వేడి గ్యాస్ ఉన్నట్టు ఆధారాలు, అని.

అప్పుడే వచ్చాడు గొర్రెలాయన.

ఆ ముసలాయన మంద మా చేను పక్క బీడులో తిరుగుతుంటే చిన్నప్పటి నుంచీ చూసేదాన్ని. మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఆ ఆదివారం పొద్దున వాకిట్లోకి వచ్చి, కర్ర గోడకు ఆనించి, కంబళి మడతలోంచి కవరు తీశాడు. తీసి నాకివ్వలేదు. ముందు అటూ ఇటూ చూశాడు.

"తాతా, నేను డాక్టరును కాదు," అని మొదలుపెట్టాను.

"తెలుసమ్మా. చుక్కలు చూసే సదువు గదా నీది. హోటల్లో వాళ్లు చెప్పేదాంట్లో ఏదో తేడా ఉండాదని నాకు అప్పుడే అనిపించె. మందకాడ పండుకునేటోన్ని, నేనూ చూస్తాంటా చుక్కల్ని."

ఊరు మొత్తానికి నా చదువును సరిగ్గా అర్థం చేసుకున్న మనిషి ఆయనొక్కడే. ఆ ఆశ్చర్యంలో మిగతా రెండు వాక్యాలు చెప్పడం మరిచిపోయాను.

"మరి నా దగ్గరికెందుకు వచ్చినావు తాతా?"

"దీంతో ఒక కాగితం ఇచ్చినారు, ఇంగ్లీషులో ఉండాది. ఏం రాసినారో చదివి చెప్పు. నువ్వు ఎవరికీ చెప్పవని వచ్చినా."

ఫిల్ము ఆయన భార్యది. రెండు నెలలుగా దగ్గు. ఎక్కడో ఒకచోట ఎక్స్‌రే తీయిస్తే, మచ్చ ఉంది పెద్దాసుపత్రికి పోండి అన్నారట. కాగితంలోనూ అదే ఉంది. ఎడమ పక్క గుండ్రటి తెల్లటి మచ్చ, పెద్ద ఆసుపత్రిలో మళ్లీ చూపించుకోవాలి. ఫిల్ము వెలుతురుకు పట్టుకున్నాను. పక్కటెముకల మధ్య రూపాయి బిళ్ళంత మచ్చ నాకు కూడా కనిపించింది. ఫిల్మును గబుక్కున దించేశాను. ఆయన చూశాడు.

"అవ్వకు చెప్పినావా?"

"గ్యాస్ అని చెప్పినా," అన్నాడు.

మంగళవారం నేనెలాగూ అనంతపురం పోతాను, ఇద్దరూ రండి, మీతో ఉంటాను అని చెప్పాను. తల ఊపి, కర్ర తీసుకుని వెళ్లిపోయాడు.

బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. సన్నటి మనిషి, గట్టి గొంతు. దగ్గు తెరల మధ్య అడిగింది. "గ్యాస్‌కు ఇంత దూరం ఎందుకమ్మా? నువ్వు ఇంటికాడనే చూస్తావంట గదా."

"పెద్ద మిషన్ అక్కడుండాది అవ్వా."

ముసలాయన డ్రైవరు వీపు చూస్తూ కూర్చున్నాడు. అనంతపురం వచ్చేదాకా అదే చూశాడు.

ఆసుపత్రిలో చీటీ రాయించి వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి పదకొండయింది. డాక్టరు చిన్న వయసు ఆమె, మా దిక్కు మనిషే. ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి ఒక క్షణం చూసింది. తర్వాత ఫిల్మును వదిలి అవ్వను చూసింది.

"అవ్వా, మెడలో ఏమన్నా వేసుకోనుండావా?"

"ఏమీ లేదమ్మా."

"రవిక లోపల?"

అవ్వ పైట సర్దుకుంది. డాక్టరు చెయ్యి చాపింది. అవ్వ కాసేపు ఆ చెయ్యిని చూసి, నల్లదారం బయటికి లాగింది. దాని చివర రాగి బిళ్ళ ఉంది.

"ఎక్స్‌రే తీసేటప్పుడు అన్నీ తీసేయమని చెప్పలేదా వాళ్లు?"

"గొలుసు తియ్యమన్నారు. తీసినా. ఇది గొలుసు కాదు గదా."

"ఇది తీసేసి ఇంకోసారి తీయించుకోనిరా."

"తియ్యను," అంది అవ్వ. "నా బిడ్డ పురిట్లో చచ్చి బతికినప్పుడు దర్గాలో కట్టించుకున్న బిళ్ళ ఇది. ముడి విప్పొద్దని చెప్పినాడు కట్టినాయన. ముప్పై ఏండ్లాయ. ఇది తియ్యల్లంటే నాకు ఎక్స్‌రేనే వద్దు."

డాక్టరు చెప్పింది. నర్సు చెప్పింది. వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా చెప్పారు. నేను లోహం గురించి ఏదో చెప్పబోయాను, అవ్వ నావైపు చూసింది, మానేశాను. అప్పుడు గోడవార బల్ల మీద కూర్చున్న ముసలాయన అన్నాడు.

"తియ్యే."

గట్టిగా అనలేదు. వినపడీ వినపడనట్టు అన్నాడు. అవ్వ గబుక్కున తల తిప్పింది. ఆయన ముఖం కేసి చాలాసేపు చూసింది.

"గ్యాస్ కాదా?" అంది.

ఆయన కంబళి కొన నలుపుతూ కూర్చున్నాడు.

అవ్వ ముడి విప్పకుండానే దారాన్ని తల మీదుగా తీసి, బిళ్ళను పిడికిట్లో పెట్టుకుంది. ఎక్స్‌రే గదిలోకి నేను తోడు పోయాను. అవ్వ ఛాతీని పలకకు ఆనించి, బిళ్ళ ఉన్న చెయ్యిని మాత్రం పక్కకు బారజాపి నిలబడింది. ఎక్స్‌రే తీసే ఆయన చెయ్యి దించమన్నాడు.

"దించను. విప్పినట్టు కాదు, నా చేతిలోనే ఉండాది," అంది.

ఆయన నన్ను చూశాడు. నేను గోడను చూశాను. సరే, ఊపిరి బిగబట్టు అవ్వా, అని చెప్పి నన్ను బయటికి పంపి తీశాడు.

రెండో ఫిల్ములో మచ్చ లేదు. డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. కళ్లె పరీక్షకు కూడా రాసింది. అదీ తర్వాత బాగానే వచ్చింది. దుమ్ము, ఉన్ని, పొయ్యి పొగ, వీటితో వచ్చిన దగ్గు అంది. ఒక మందు సీసా ఇచ్చింది.

ముసలాయన బయట కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. ఒకసారి కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ కడుక్కున్నాడు. అలా నాలుగైదు సార్లు. అవ్వ అప్పటికే దారం మెడలో వేసుకుంది. ఆయన వెనక నిలబడి అంది.

"గ్యాస్ అని చెప్పి నెల దినాలు నన్ను కందిబేడలు తిననియ్యకపోతివే."

"ఆ."

"ఉత్త మజ్జిగన్నం పెడితివే."

"పోనీలే," అన్నాడు ఆయన, కుళాయి వైపే తిరిగి.

వాళ్లను బస్సెక్కించి యూనివర్సిటీకి పోయాను. ఇక్కడ నాకు ఏదో మెరుపులా తట్టిందని రాస్తే బాగుంటుంది. ఏమీ తట్టలేదు. ఆకలిగా ఉంది. అన్నం డబ్బా తెరిచి తిన్నాను, ప్రసంగం బొమ్మలకు రంగులు మార్చాను, సాయంత్రం ఇంటికి వచ్చాను.

తర్వాతి వారం సార్ నా బల్ల పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ నక్షత్రాల జాబితా చూశావా?"

"చూస్తాను సార్."

"ఇప్పుడు చూడు. నేనూ ఉంటాను."

ఇద్దరం చూశాం. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. తక్కువ శక్తి కణాలు గుంపుగా పడ్డ చోటే ఒక చిన్న ఎర్ర నక్షత్రం ఉంది. మన గెలాక్సీలోదే, మనకు బాగా దగ్గరది. అలాంటి చిన్న నక్షత్రాలు ఉండుండి రెచ్చిపోయి తక్కువ శక్తి ఎక్స్‌రేలు చిమ్ముతాయి. నా గెలాక్సీ దాని వెనక, ఊహకందనంత దూరంలో ఉంది. మూలలో చూపు మసక కాబట్టి ఆ నక్షత్రం చుక్కలా కాకుండా, గెలాక్సీ మీద పరుచుకున్న గ్యాస్‌లా కనిపించింది. ఆ చోటును తీసేసి లెక్క మళ్లీ నడిపాం. గ్యాస్ ఎంత అన్నచోట కంప్యూటరు సున్నా చూపించింది.

సార్ తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. "టీ తాగుదామా?" అన్నారు. నేను వద్దన్నాను. బస్టాండుకు పోయి ఉగ్గాని, బజ్జీ తిన్నాను. రెండు బస్సులు వదిలేసి మూడోదానికి ఎక్కాను.

ఇంట్లో నాయన నా ముఖం చూసి అడిగాడు. "ఏమాయ పాపా?"

"గ్యాస్ లేదు నాయనా."

"నిన్ననే గదా సిలిండర్ వచ్చె?"

"ఇంట్లో కాదు. గెలాక్సీలో."

నాయన తల గోక్కున్నాడు. "గ్యాస్ లేకపోతే మంచిదే గదా?"

"ఉండాదని బెంగళూరు వాళ్లకు రాసి పంపించినా."

"అయితే పోయి లేదని చెప్పు," అన్నాడు. అన్నం తిన్నావా అని అడిగాడు.

పోయాను. సదస్సు పుస్తకంలో నా పాత శీర్షిక అచ్చయి ఉంది. వేదిక ఎక్కి, ఇంగ్లీషులో, "ఈ శీర్షికలో ఉన్నది నిజం కాదు. ఎందుకు కాదో చెప్తాను," అన్నాను. సభ నడిపే ఆయన పుస్తకం తెరిచి చూసుకున్నాడు. నక్షత్రం చూపించాను, తీసేయకముందు లెక్క, తీసేసిన తర్వాత లెక్క చూపించాను. నా సమయం ఇంకా మిగిలి ఉండగానే ప్రసంగం అయిపోయింది. గ్యాస్ ఉన్నట్టయితే చెప్పడానికి చాలా ఉండేది.

చివరి వరసలోంచి తల నెరిసిన ఒక ప్రొఫెసరమ్మ చెయ్యెత్తింది. "సున్నా అని ఎలా అంటావు? నీ దగ్గర ఉన్నవే కొన్ని కణాలు. గ్యాస్ కొంచెం ఉండి నీకు కనిపించకపోయి ఉండొచ్చు కదా. ఎంతకంటే ఎక్కువ ఉండడానికి వీల్లేదో లెక్క వేశావా?"

"లేదండీ."

"వేసి నాకు పంపు. నాకు పనికొస్తుంది."

వెక్కిరిస్తోందేమో అనుకున్నాను. భోజనాల దగ్గర వచ్చి తన చిరునామా రాసిచ్చింది. అప్పుడు నిజమేనని తెలిసింది. ఊరికి వచ్చి లెక్క వేసి పంపాను. సార్ ఇంకో ఎనిమిది గెలాక్సీలు ఇచ్చారు, అన్నీ మూలల్లోవే. ప్రతిదానికీ ముందు నక్షత్రాల జాబితా తెరిచాను. ఒక్కదాంట్లో కాస్త గ్యాస్ దొరికింది, మిగతా ఏడింట్లో లేదు. రెండేళ్లకు అదే నా థీసిస్ అయింది. డిగ్రీ వచ్చాక ఆదివారాల రద్దీ ఇంకా ఎక్కువయింది. ఇప్పుడు నిజంగానే డాక్టరు కదా. మూడు వాక్యాల్లో మొదటిది మార్చుకోవాల్సి వచ్చింది.

కొన్ని నెలల తర్వాత ఆ ప్రొఫెసరమ్మ తన వ్యాసం పంపింది. అందులో పెద్ద పటం ఒకటి ఉంది. గ్యాస్ కనిపించిన గెలాక్సీలన్నీ చుక్కలు. కనిపించనివి కిందికి చూసే బాణాలు. ఫోన్లో పెద్దది చేసి, వంటింట్లో ఉన్న అమ్మకు చూపించాను.

"ఇది నాదమ్మా."

అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను దగ్గరికి పట్టుకుంది. "బాణం కిందికి చూస్తాండాదే?"

"ఇంతకంటే ఎక్కువ లేదు అని అర్థం. ఎంత తక్కువో తెలీదు."

"ఈ పక్కనుండేటివి?"

"అవీ అంతే."

"చానా ఉండాయే," అంది అమ్మ. ఫోను తిరిగిచ్చి, చారు పొంగుతోందని లోపలికి పోయింది.